ఎవరి పోలిక?

ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడలమీదను, స్తంభములమీదను చెక్కియున్న వందలాది శాసనములలో కులోత్తుంగ చోళుని కాలమునాటివి పెక్కు కలవు. స్వామికి అఖండదీపము పెట్టించి పుణ్యము మూటగట్టుకొన్న దాతల పేర్లను తడవుకొనుచు పోవు యాత్రికునకు ఆ రాజు పుట్టుక మాట స్ఫురింపకపోవచ్చును గాని, మన ప్రస్తుత విషయమునకు అంతకన్న తగిన ప్రస్తావన ఈ ప్రాంతమున మరియొకటి లేదు. రాజమహేంద్రవరమునుండి వేంగిదేశమును పాలించిన రాజరాజనరేంద్రునికిని, రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవికిని జన్మించిన ఆ చాళుక్యుడు 1070లో చోళసింహాసనమెక్కి, చోళుల పేరును బిరుదులను ధరించి, తమిళ చక్రవర్తులలో ఒకడుగా చరిత్ర కెక్కెను. జయంగొండారు రచించిన ‘కళింగత్తుపరణి’లో అతని శైశవమును వర్ణించిన పట్టునుబట్టి, చోళరాణి ఆ బిడ్డను దత్తు చేసికొన్నదని కొందరు చరిత్రకారులు తలంపగా, నీలకంఠశాస్త్రిగారు ఆ వాదము నంగీకరింపలేదు. ఆ తగవు తీర్చుట నా పని కాదు. ఒక యింట పుట్టిన బిడ్డ వేరొక యింటి పేరును, వేరొక నేల భాషను తనవిగా చేసికొనునప్పుడు అతని దేహములో, నాలుకపై, చూపులో ఏమి మారును, ఏమి మారక నిలుచును అన్నదే ఈ వ్యాసవిషయము.

పసిబిడ్డను చూడవచ్చిన మనవారు ముందుగా అడుగు ప్రశ్న “ఎవరి పోలిక?” అన్నది. ముక్కు మేనమామదనియు, నుదురు నాయనమ్మదనియు పంపకములు జరిగినపిమ్మటగాని ఆ బిడ్డ ఇంటి మనిషి కాదు. స్వీడనులోను, ఇటలీలోను, స్పెయినులోను, అమెరికాలోను తెలుగునేలమీద పుట్టిన బిడ్డలను పెంచుకొనుచున్న తెల్లవారి ఇండ్లలో ఈ పంపకమునకు తావు లేదు. చామనచాయ పిల్ల తల్లి చేయి పట్టుకొని అంగడికి పోవునప్పుడు, ఎవరో ఒకరు ఆగి, “ఈ పిల్ల మీదేనా?” అని అడుగుదురు, తల్లి నవ్వి జవాబు చెప్పును, పిల్ల ఆ నవ్వును, ఆ జవాబును కూడ గమనించుచుండును.

మన పూర్వులు దత్తతనుగూర్చి విచారింపలేదని కాదు, మిక్కిలిగా విచారించిరి. కన్నతండ్రి ధారాపూర్వకముగా బిడ్డ నొసగుటయు, పుచ్చుకొన్నవాడు ఒడిలోనికి తీసికొని శిరస్సు ఆఘ్రాణించుటయు, కొత్తబట్టలు కట్టి హోమము వేల్చుటయు నేటికిని గోదావరి జిల్లాల పెద్దలు చూచియున్న తంతే. దత్తుడు తండ్రికి సదృశుడై యుండవలెనని మనువు చెప్పగా, ఆ సాదృశ్యము కులముచేత కాదు, గుణములచేత అని మేధాతిథియు, కులముచేతనే అని కుల్లూకభట్టును వ్యాఖ్యానించిరి. దేశము కుల్లూకుని వెంబడి నడచినది. అయినను ఈ విచారమంతయు పిండోదకముల చుట్టును, ఆస్తి చుట్టును తిరిగినదే. మన పిఠాపురము జమీందారీ వ్యాజ్యమే చూడుడు: దత్తు తెచ్చుకొన్న కుమారుడుండగా తరువాత పుట్టిన బిడ్డకు సంస్థానమును వీలునామా వ్రాసి యిచ్చుట చెల్లునని ప్రీవీ కౌన్సిలు 1899లో తీర్పు చెప్పినది. దత్తుడు ఆ యింట ఎట్లు పెరిగెనో, ఏమి తలపోసెనో తీర్పులో వెదకినను దొరకదు.

ఇల్లు నిలుపుటకై బిడ్డను తెచ్చుకొనుట పోయి, బిడ్డకొరకై ఇల్లు వెదకుట అను తలంపు మన న్యాయములో స్థిరపడినది ఇటీవలనే. లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖనే అర్జీగా స్వీకరించి, విదేశీయులు మన బిడ్డలను దత్తు తీసికొను విధానమునకు సుప్రీంకోర్టు 1984లో, భగవతి న్యాయమూర్తి కలముద్వారా, కట్టుబాట్లు ఏర్పరచినది. 1990లో కేంద్ర దత్తత సంస్థ వెలసినది. దేశాంతర దత్తతలపై 1993లో హేగు నగరమున కుదిరిన ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువపరచినది. చట్టము చెప్పునది ఇంతే. ఇక ప్రకృతి ఏమి చెప్పునో చూతము.

ముందు దేహము. తగిన ఆహారము, తల్లిపాలు, ఆరోగ్యకరమైన పరిసరములు లభించినచో అయిదేండ్లలోపు బిడ్డలు ఏ ఖండమున నున్నను ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిరూపించినది. 2006లో వెలువడిన ఆ సంస్థ ఎదుగుదల పట్టికలు అమెరికా, ఒమాన్, ఘనా, నార్వే, బ్రెజిల్ దేశపు బిడ్డలతోపాటు దక్షిణ ఢిల్లీ బిడ్డలనుకూడ తూచి, కొలిచి తయారుచేసినవే. కావున చిక్కి శల్యమైన బిడ్డ దూరదేశము చేరి, రెండేండ్లు తిరుగకముందే ఒడ్డును పొడవును పెంచుకొని తోడిపిల్లల సరసకు వచ్చుటలో అద్భుతమేమియు లేదు. అద్భుతము, ఆందోళన కూడ, ఆ తరువాతి ఘట్టమున కలవు. భారతదేశమునుండి స్వీడనుకు దత్తుపోయిన బాలికలను ప్రూస్, హోఫ్వాండర్, టువెమో అను శిశువైద్యులు పరిశీలించి 1991లో ప్రకటించిన ఫలితములనుబట్టి, వారు రజస్వలలైన మధ్యస్థ వయస్సు 11.6 సంవత్సరములు, స్వీడను బాలికలకది 13. ఒక బాలికకైతే ఏడేండ్లు దాటిన కొలది నెలలకే ఆ స్థితి వచ్చినది. స్వీడను చేరునాటికి ఎవరు ఎక్కువ గిడసబారియుండి, చేరినపిమ్మట ఎవరు మిక్కిలి వడిగా ఎదిగిరో, వారిలోనే ఈ తొందర హెచ్చుగా కానవచ్చినది.

దీని కారణమును వైద్యులు ఇట్లు ఊహించుచున్నారు. గర్భమునందును, తొలి మాసములందును కరవు చూచిన దేహమునకు ఒక్కసారిగా పుష్కలాహారము లభింపగా, మెదడు అడుగున నుండు హైపోథలామస్ అను భాగము ఎదుగుదల వేగమును చూచి, యౌవనమునకు వేళయైనదని భ్రమించి, హార్మోనులకు సంకేతము పంపును. ఆ హార్మోనులు తొలుత పొడవును పెంచును. కాని అవే ఎముకల కొనలయందలి మృదులాస్థిని గట్టిపరచి, ఎదుగుదలకు తలుపు మూసివేయును. అందుచేత తరగతిలో నిన్నటిదాక పొడగరియైన పిల్ల, పదునాలుగేండ్లకు సుమారు 154 సెంటీమీటర్లకడ ఆగిపోయి, తనకన్న చిన్నదై యుండిన స్నేహితురాలిని తలయెత్తి చూడవలసివచ్చును. ఇది తెలిసిన తల్లిదండ్రులు ఎనిమిదేండ్ల పిల్లకు ముందుగానే మెల్లగా విషయము విప్పి చెప్పుదురు, వైద్యునికి చూపుదురు. తెలియనివారు కంగారుపడుదురు, పిల్ల అంతకంటె కంగారుపడును.

చిన్నవిగా తోచి పెద్ద చిక్కులు తెచ్చునవి మరికొన్ని కలవు. మన శిశువులలో పెక్కుమందికి నడుమునకు దిగువను, పిరుదులమీదను పుట్టుకతో నీలిమచ్చలుండును. కొన్ని యేండ్లకు అవే మాసిపోవును. మంత్రసాని మొదలు మేనత్తవరకు ఇక్కడ అందరు నెరిగిన ఈ మచ్చలను, వానిని ఎన్నడును చూడని పాశ్చాత్యవైద్యుడు దెబ్బలవలన కమిలినవని శంకించుట కద్దు. కావున బిడ్డ చేరిన తొలి పరీక్షలోనే వానిని వైద్యునిచేత వ్రాయించి యుంచుట మేలు. పాలలోని చక్కెరను జీర్ణించు లాక్టేజు దక్షిణభారతీయులలో చాలమందికి బాల్యము గడచుకొలది తగ్గిపోవును. బడిలో మధ్యాహ్నము గ్లాసెడు పాలు త్రాగి కడుపునొప్పియని యేడ్చు పిల్ల, ఉత్తర యూరపు ఉపాధ్యాయినికి మొండిపిల్లగా తోచవచ్చును. నల్లనిమేను మన యెండకు కవచము. శీతకాలమంతయు సూర్యుడు క్షితిజమునకు చేరువనే తిరుగు దేశమున అదే మేనికి విటమిను డి చాలక, మందుగా ఇయ్యవలసివచ్చును. ఇవి ప్రేమతో తెలియు సంగతులు కావు. ఎవరైన చెప్పిన తెలియును.

ఇక నాలుక. ఈ విషయమున శాస్త్రజ్ఞులు కనుగొన్న దానికన్న ఆసక్తికరమైనది దత్తతాశాస్త్రములో లేదని నా అభిప్రాయము. వెర్కర్, టీస్ అను కెనడా పరిశోధకులు 1984లో చూపినదేమనగా: ఆంగ్లము మాట్లాడు ఇండ్ల శిశువులు ఆరు, ఎనిమిది నెలల వయస్సున హిందీలోని దంత్య, మూర్ధన్య ధ్వనుల భేదమును చక్కగా గుర్తింతురు; సంవత్సరము నిండవచ్చుసరికి ఆ శక్తి పోగొట్టుకొందురు. ‘పాత’కును ‘పాట’కును నడుమ మనకు కోటగోడయంత యెత్తున నున్న ఎడము, ఆంగ్లేయుని చెవికి లేనేలేదు. అట్లయిన రెండేండ్లవరకు ఆ ఎడము వినుచు పెరిగి, పిమ్మట అమెరికా చేరిన భారతీయ శిశువు సంగతి యేమి? చేరిన కొలది నెలలలోనే మాతృభాష మాటలను మరచిపోవుట పెంచినవారందరు చూచునదే. ఫ్రాన్సుకు మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్లలోపున దత్తుపోయిన కొరియా దేశీయులు పెద్దవారైనపిమ్మట కొరియా వాక్యములను విన్నప్పుడు, వారి మెదడు ఆ భాష నెన్నడును విననివారి మెదడువలెనే నిర్వికారముగా నుండినదని పాలియే బృందము 2003లో తెలిపినది. కాబట్టి మొదటి భాష సమూలముగా తుడిచిపెట్టుకొనిపోవునని నిర్ణయించిరి.

ఆ నిర్ణయము తొందరపాటని తేలినది. లెహర్ సింగ్, సహచరులు 2011లో ప్రకటించిన ప్రయోగమున, భారతదేశమునుండి అమెరికాకు శైశవమున దత్తుపోయిన బాలబాలికలను, అక్కడనే పుట్టిన పిల్లలను కూర్చుండబెట్టి ఈ దంత్య, మూర్ధన్య భేదమునే వినిపించిరి. తొలుత ఇరువర్గములవారును సమానముగా ఓడిపోయిరి. పిమ్మట కొంచెము తర్ఫీదు ఇచ్చి మరల వినిపింపగా, దత్తబాలురు ఆ భేదమును పట్టుకొనిరి, తక్కినవారు పట్టుకొనలేకపోయిరి. 2014లో మాంట్రియాలులో చైనా దేశపు దత్తబాలికలను పరీక్షింపగా, చైనా భాష ఒక్క ముక్కయు రాని వారి మెదడు ఆ భాషాస్వరములను చైనావారి మెదడువలెనే స్వీకరించుట కానవచ్చినది. వేసవిలో కట్టివేసిన డెల్టా కాలువ ఎండి బీటలువారియున్నను, లాకులెత్తిననాడు నీరు పాతదారినే పట్టి పోవునట్లు, శైశవమున విన్న ధ్వనుల దారి మెదడులో మిగిలియున్నదన్నమాట. ఇరువదియేండ్లకు తెలుగు నేర్వవలెనని బుద్ధిపుట్టిన దత్తపుత్రికను “ఇంత ఆలస్యముగా నీకేమి వచ్చును?” అని నిరుత్సాహపరచువారు ఈ సంగతి తెలిసికొందురుగాక.

చెవి ఇట్లు జ్ఞాపకముంచుకొనగా, చూపు మాత్రము పూర్తిగా పెంచినవారి పక్షము చేరిపోవును. మనుష్యుడు తాను నిత్యము చూచు జాతి ముఖములను సులభముగను, ఇతరుల ముఖములను కష్టముగను గుర్తుపట్టునని తెలిసినదే. మూడేండ్లు దాటినపిమ్మట ఫ్రాన్సుకు దత్తుపోయి పెరిగిన కొరియావారు, కొరియావారి ముఖములకంటె తెల్లవారి ముఖములనే మేలుగా గుర్తించిరని 2005లో సాంగ్రిగొలి బృందము కనుగొన్నది. దీని పర్యవసానమును ఆ శాస్త్రవేత్తలు వ్రాయలేదు గాని మనము ఊహింపవచ్చును: అట్టి బిడ్డ అద్దములోనికి చూచినప్పుడు, తన కన్నులు ఎరిగిన ముఖముల లెక్కలో చేరని ముఖము ఒకటి అచట కానవచ్చును, అది తనదే. నెదర్లాండ్సులో శ్రీలంక మొదలైన దేశములనుండి వచ్చిన ఏడేండ్ల పిల్లలను ఫెమీ యూఫర్ ప్రశ్నింపగా, తెల్లగా నుండిన బాగుండునని కోరినవారు తక్కువమంది కారు. మనలో మనమే దత్తతకు పోయి “కొంచెము తెల్లని బిడ్డ” అని మెల్లగా అడుగు దంపతులున్న దేశమున కూర్చుండి, ఆ పిల్లల కోరికకు ముక్కుమీద వ్రేలు వేసికొనుటకు మనకు హక్కు లేదు.

1972వ సంవత్సరమున అమెరికాలో రెండు సంగతులు జరిగినవి. లెవాంటిన్ అను జీవశాస్త్రజ్ఞుడు మానవులలోని జన్యుభేదములలో సుమారు 85 శాతము ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నదనియు, జాతులని మనము పిలుచు వర్గముల నడుమ నున్నది అత్యల్పమనియు లెక్కగట్టెను. అదే యేట నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘము, నల్లబిడ్డలను తెల్లవారికి దత్తు ఇయ్యరాదని తీర్మానించినది. రెండును పరస్పరవిరుద్ధములని పైకి తోచును. నా దృష్టిలో రెండును నిజములే. రక్తములో లేని భేదము వీథిలో ఉన్నది. ఇంటిలో “మాకు రంగు కానరాదు” అని పెంచిన బిడ్డకు ఆ వీథి గుమ్మము దాటగనే ఎదురగును. అందుచేత రంగును చూడనట్లు నటించుటకంటె, దానినిగూర్చి ఇంటిలోనే ముందుగా మాటలాడుకొనుట మేలు.

ఏటికొకనాడు చీర కట్టించి, గాజులు తొడిగించి, భారతీయ భోజనశాలకు తీసికొనిపోవుటతో ఈ పని తీరదు. తనవంటి మేనిచాయగల వైద్యుడు, ఉపాధ్యాయిని, పక్కింటి పిల్ల నిత్యవ్యవహారములో తారసిల్లవలెను. అమెరికాలో 1977లో వెలసిన తానా వంటి తెలుగు సంఘములును, సిలికానాంధ్రవారి మనబడి వంటి పాఠశాలలును ఉన్నవి. తెల్లతల్లిదండ్రులు బిడ్డను అచటకు తోడ్కొనిపోవుట మంచిదే. కాని పోయిన మొదటి ఆదివారమే మనవారు ఆ పిల్లను “మీ యింటిపేరేమిటమ్మా? మీదే ఊరు? మీరేమిటోళ్లు?” అని వరుసగా మూడు ప్రశ్నలు వేసిన, ఆ పిల్ల రెండవ ఆదివారము రాదు.

దత్తు సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్పవలెననునది సర్వత్ర తర్జనభర్జన పడు విషయము. పోలికలు కలవని ఇంటిలో దాచుట ఎటులును సాధ్యము కాదు. అది యొక విధముగా ఆ యిండ్ల అదృష్టము. బ్రాడ్జిన్స్కీ అను మనస్తత్త్వవేత్త పరిశీలనలనుబట్టి, నాలుగేండ్ల బిడ్డ తాను దత్తుబిడ్డనని సంతోషముగనే చెప్పుకొనును. ఆరేడేండ్లకు తర్కము మొలచి, ఒకరు నన్ను పుచ్చుకొన్నారనగా అంతకుముందు మరియొకరు నన్ను విడిచినారని గ్రహించును. అప్పుడు కలుగు దుఃఖమును పెంపకములోని లోపముగా పెంచినతల్లి ఎంచుకొనరాదు. “మీ అమ్మకు నీవంటే ఎంతో ప్రేమ, అందుకే ఇచ్చినది” అను తీయని కల్పనకూడ ప్రమాదమే. ప్రేమించువారు విడిచిపెట్టుదురని బిడ్డ నేర్చుకొనును. తెలిసినంతవరకు నిజము చెప్పవలెను.

ఇంతకును ఈ బిడ్డలలో అత్యధికులు చక్కగనే ఎదుగుచున్నారు. ఆత్మగౌరవమున దత్తబాలురకును ఇతరులకును భేదము లేదని యూఫర్, వాన్ ఐజెండోర్న్ 2007లో అనేక అధ్యయనములను కలిపి చూచి తేల్చిరి. స్వీడనులో దేశాంతర దత్తులలో ఆత్మహత్యలు తక్కినవారికంటె హెచ్చని 2002లో వెలువడిన పరిశోధనయు నిజమే. ఒకదానిని చూపి రెండవదానిని మరుగుపరచరాదు.

తెలిసినంతవరకు నిజము చెప్పవలెనంటిని. తెలియుటకు కాగితము ఉండవలెను గదా! ఇచటనే తెలుగునేల తలవంచుకొనవలసిన కథ ఒకటి ఉన్నది. 1999లోను, మరల 2001లోను హైదరాబాదున బయటపడిన దత్తత కుంభకోణములో, దక్షిణ తెలంగాణ లంబాడా తండాల ఆడశిశువులను దళారులు కొలది సొమ్ముకు కొని, కల్పిత పత్రములతో అప్పగింతలు చూపి, విదేశీయులకు దత్తు ఇప్పించినట్లు తేలినది. గీతా రామస్వామి, భంగ్యా భుక్యా గారలు ఆ తండాల దారిద్ర్యమును, వరకట్నము అచటికి ప్రాకిన విధమును పరిశీలించి వ్రాసిరి. ప్రభుత్వము అట్టి అప్పగింతలను ఆపివేసినది. కాని అప్పటికే సముద్రము దాటిన బిడ్డలు నేడు పెద్దవారై, తమ పత్రములను విప్పి చూచుకొనునప్పుడు, అందలి తల్లి పేరు నిజమో కాదో, పుట్టినదినము నిజమో కాదో నిర్ణయించు సాధనము లేదు. పైని చెప్పిన దేహపరీక్షలు, భాషాపరీక్షలు అన్నియు బిడ్డ సరియైన వయస్సు మీదనే ఆధారపడియున్నవి. ఆ అంకెయే అబద్ధమైనచో వైద్యుడుకూడ చీకటిలో తడవుకొనవలసినదే. కొరియా ప్రభుత్వ సత్యశోధక సంఘము ఇట్టి తప్పుడు పత్రములనే తమ దేశమున గుర్తించి 2025లో ప్రకటించినది. 2004లో ప్రపంచమంతట సుమారు 45,000 మంది బిడ్డలు దేశాంతర దత్తు పోగా, ఆ సంఖ్య ఇప్పుడు మిక్కిలి క్షీణించినది. చైనా 2024లో తలుపు మూసినది.

నేటి మన చట్టమునందు బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ఎదుట అప్పగింపు పత్రము వ్రాసి యిచ్చిన, మనసు మార్చుకొనుటకు ఆమెకు 60 దినముల గడువు కలదు. విదేశమున చేరిన బిడ్డ క్షేమమునుగూర్చి మొదటి యేట మూడు నెలలకొకసారి, రెండవ యేట ఆరు నెలలకొకసారి నివేదిక రావలెను. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డ తన మూలములను తెలిసికొనగోరి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కన్నతల్లి తన పేరు చెప్పుటకు ఇష్టపడనిచో ఆ గోప్యతకును రక్షణ కలదు. ఇవన్నియు దస్తరమున సరియైన వ్రాత ఉన్నప్పుడే పనిచేయును.

కనుక ద్రాక్షారామము మొదలు రాజోలువరకు గల ఆసుపత్రి నర్సమ్మలకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ ఆయమ్మలకు నా విన్నపము. మోయలేని భారముతో ఒక తల్లి మీకడకు వచ్చినప్పుడు, పిల్లలులేని ఎరిగినవారెవరో ఉన్నారుగదా అని జాలిపడి, చాటుగా బిడ్డను చేతులు మార్పింపకుడు. చట్టవిధానమును తప్పించి బిడ్డను దత్తు ఇచ్చినను, పుచ్చుకొన్నను మూడేండ్లవరకు జైలుశిక్ష పడవచ్చును. పుట్టిన గడియయు, బరువును, తల్లి చెప్పిన నాలుగు మాటలును వ్రాసి యుంచి, 1098 నంబరుకు ఫోను చేయుడు. ఆ ఫోనుకు డబ్బులు పడవు.